యూనియన్‌లో చేరితే కమాండ్ ఆగిపోతుందా? విశాఖ ఫస్ట్ ఆఫీసర్‌కు జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "మాది గాజువాక. ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని), బేస్ హైదరాబాద్. ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్స్) చేతికొచ్చింది, వచ్చే ఏడాది కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా ప్రమోషన్) వరసలో ఉన్నాను. మా కంపెనీలో పైలట్లు యూనియన్ పెడుతున్నారు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన నాన్నగారు 'యూనియన్ లేని ఉద్యోగం ఉద్యోగమేనా, చేరిపో' అంటున్నారు. నాతో ఎగిరే కెప్టెన్లేమో 'లెఫ్ట్ సీట్లో (కెప్టెన్ సీట్లో) కూర్చునేదాకా ఆ ఫారం ముట్టుకోకు' అంటున్నారు. చేరితే అప్‌గ్రేడ్ ఆపేస్తారా? రేపు గల్ఫ్‌కి వెళ్లాలనుకుంటే అడ్డొస్తుందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. కన్ఫర్మేషన్ లెటర్ వచ్చి ఉంటే చేరండి. ఆఫీస్ బేరర్ పదవి మాత్రం కమాండ్ రిలీజ్ (శిక్షణ ముగిసి కెప్టెన్‌గా ఎగరడానికి అనుమతి) అయ్యేదాకా తీసుకోకండి. ఎవరు పిలిచినా, ఎంత న్యాయమైన కోపమైనా, అందరితో కలిసి సిక్ లీవ్ మాత్రం పెట్టకండి. గల్ఫ్ గురించి బెంగ అక్కర్లేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది, ఆ యూనియన్ యాజమాన్యం చేత ఏం సంతకం పెట్టించగలదన్నది. సంతకమైన కాగితం లేని యూనియన్ వల్ల మీ కెరీర్‌కు పెద్ద నష్టమూ ఉండదు, పెద్ద లాభమూ ఉండదు.

నాన్నగారి మాట ఆయన చూసిన చోట పూర్తిగా నిజం. స్టీల్‌ప్లాంట్‌లో గుర్తింపు సంఘాన్ని కార్మికులు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. జీతాల సంగతి ఎన్‌జేసీఎస్‌లో తేలుతుంది. 1969లో మొదలైన ఆ కమిటీలో ఒకవైపు ఉక్కు సంస్థల యాజమాన్యాలు, మరోవైపు కార్మిక సంఘాలు కూర్చుంటాయి. అక్కడ కుదిరిన ఒప్పందం అందరికీ వర్తిస్తుంది. పైలట్లకు ఈ దేశంలో అలాంటి ఉమ్మడి వేదిక లేదు. ప్రైవేటు ఎయిర్‌లైన్‌లో ప్రతి పైలట్‌దీ విడి అపాయింట్‌మెంట్ లెటర్, విడి బాండ్. "కంపెనీ పాలసీ ఎప్పటికప్పుడు మారవచ్చు" అన్న ఒక్క వాక్యం ఆ లెటర్లో ఉంటే మిగతా పేజీలన్నీ దాని దయ మీదే ఉంటాయి. కాబట్టి స్టీల్‌ప్లాంట్ యూనియన్‌ని మనసులో పెట్టుకుని పైలట్ల యూనియన్‌లో చేరితే ఆశాభంగం తప్పదు. మొదలుపెట్టే చోటే వేరు.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దాంట్లో కలిసిపోయాయి. ఈ కోడ్ ప్రకారం యూనియన్‌ని రిజిస్టర్ చేయడం తేలిక. సంస్థలో పనిచేసేవాళ్లలో పది శాతం గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుంటే చాలు. ఏ పెద్ద ఎయిర్‌లైన్‌లోనైనా వంద మంది పైలట్లు దొరకడం కష్టం కాదు. కష్టమంతా గుర్తింపు దగ్గర వస్తుంది. ఒక సంస్థలో రెండుమూడు యూనియన్లు ఉన్నప్పుడు, మస్టర్ రోల్‌లో (ఉద్యోగుల హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతు ఉన్న యూనియనే చర్చలకు ఏకైక ప్రతినిధి. ఎవరికీ 51 రాకపోతే చర్చల మండలి ఏర్పడుతుంది. కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లకే అందులో చోటు, ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి.

ఈ లెక్కను పైలట్ కళ్లతో చూడండి. మస్టర్ రోల్‌లో పదివేల మంది ఉన్న ఎయిర్‌లైన్‌లో పైలట్లు పదిహేను వందల మంది అనుకుందాం. ఒక్కరూ మిగలకుండా అందరూ చేరినా 15 శాతమే. క్యాబిన్ క్రూ, ఇంజినీర్లు, గ్రౌండ్ స్టాఫ్ అందరూ అదే లెక్కలోకి వస్తారు. అంటే పైలట్లు మాత్రమే ఉన్న యూనియన్‌కు 51 అటుంచండి, 20 కూడా అందడం కష్టం. అమెరికాలో ఈ ఇబ్బంది లేదు. 1936 నుంచి అక్కడి ఎయిర్‌లైన్లకు వర్తిస్తున్న రైల్వే లేబర్ చట్టం ఒక్కో వృత్తిని ఒక్కో వర్గంగా చూస్తుంది, పైలట్లు పైలట్లలోనే ఓటేసుకుని ప్రతినిధిని ఎన్నుకుంటారు. మన దగ్గర లేని ఈ వెసులుబాటు చూపించి "అక్కడ అల్పా (అమెరికా పైలట్ల యూనియన్) ఇంత సాధించింది, మనమూ సాధిస్తాం" అని మీటింగ్‌లో ఎవరైనా చెబితే, గుర్తింపు ఏ దారిన తెస్తారో అడగండి. దారులు లేకపోలేదు. క్యాబిన్ క్రూ, ఇంజినీర్ల సంఘాలతో ముందే అవగాహనకు రావచ్చు. యాజమాన్యాన్ని స్వచ్ఛందంగా ఒప్పించవచ్చు. వివాదాన్ని కేంద్ర కార్మిక శాఖ ముందు రాజీ ప్రక్రియకు తీసుకెళ్లవచ్చు. విమానయానం కేంద్రం పరిధిలోది కాబట్టి రాష్ట్ర కార్మిక శాఖ గుమ్మం తొక్కి ప్రయోజనం లేదు.

ఆ రాజీ ప్రక్రియకు ఎందుకంత విలువో చెప్పాలి, మీటింగుల్లో ఎక్కువమందికి తెలియని సంగతి ఇదే. యాజమాన్యం, యూనియన్ తమంతట తాము కూర్చుని సంతకం పెట్టుకుంటే ఆ ఒప్పందం పెట్టుకున్నవాళ్లనే కట్టేస్తుంది. అదే ఒప్పందం రాజీ అధికారి సమక్షంలో, రాజీ ప్రక్రియలో భాగంగా కుదిరితే ఆ సంస్థలోని కార్మికులందరికీ, సభ్యులు కానివాళ్లకూ, తర్వాత చేరబోయేవాళ్లకూ వర్తిస్తుంది. గడువు రాయకపోతే ఆరు నెలలు నడుస్తుంది. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు రాతపూర్వకంగా నోటీసిచ్చి అరవై రోజులు గడిచేదాకా బతికే ఉంటుంది. అందుకే "మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే సంబరపడకండి. ఎవరి సమక్షంలో, ఏ తేదీన, ఏ కాగితం మీద అని అడగండి. టౌన్‌హాల్ మీటింగ్‌లో ఇచ్చిన హామీకి, ఫ్లైట్ ఆపరేషన్స్ హెడ్ పంపిన మెయిల్‌కి ఆ బలం ఉండదు.

ఇంకో చిక్కుంది, అది మీ హోదాకు సంబంధించింది. యూనియన్‌లో చేరడానికి పరిశ్రమలో పనిచేసే ఎవరైనా అర్హులే, కెప్టెన్ కూడా. కానీ వివాదం వచ్చినప్పుడు కోడ్ ఇచ్చే రక్షణలు అందాలంటే కోడ్ నిర్వచనంలోని 'కార్మికుడు' అయి ఉండాలి. మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవాళ్లు ఆ నిర్వచనంలోకి రారు. విమానానికి కమాండర్ కాబట్టి కెప్టెన్ పర్యవేక్షకుడే అని యాజమాన్యం లాయర్లు వాదిస్తారు. హోదా పేరు చూసి కాదు, ప్రధానంగా చేసే పని చూసి తేల్చాలని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది కాబట్టి కెప్టెన్ల తరఫునా గట్టి వాదన ఉంది. ఫస్ట్ ఆఫీసర్ విషయంలో అసలు ఆ గొడవే బలహీనం, కుడి సీట్లో కూర్చున్న మీరు ఎవరినీ పర్యవేక్షించడం లేదు. అంటే "కమాండ్ వచ్చాక చేరు" అంటున్న కెప్టెన్లు గమనించని విషయం ఒకటుంది. చట్టం ముందు మీ బలం ఇప్పుడే ఎక్కువ. ఎడమ సీట్లోకి మారిన రోజు నుంచి ఆ వాదన కోర్టులో గెలవాల్సిన వాదన అవుతుంది.

ఇక అప్‌గ్రేడ్ ఆపుతారా అన్నది. యూనియన్ పని చేశాడని సీనియారిటీ మార్చడం, పై పోస్టుకు ప్రమోషన్ నిరాకరించడం, చీలిక తేవడానికి అర్హత లేనివాళ్లకు ప్రమోషన్ ఇవ్వడం, ఈ మూడింటినీ చట్టం పేరు పెట్టి మరీ అనుచిత కార్మిక విధానాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఎవరూ "నువ్వు యూనియన్ మనిషివి, కమాండ్ ఇవ్వం" అని రాసివ్వరు. జరిగితే ఇలా జరుగుతుంది: సిమ్ (సిమ్యులేటర్) స్లాట్ రెండుసార్లు వాయిదా పడుతుంది. అప్‌గ్రేడ్ ఇంటర్వ్యూలో "కమాండ్ మెచ్యూరిటీ ఇంకా రాలేదు" అని ఒక వాక్యం రాస్తారు. వరస స్టాండ్‌బైలు (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే డ్యూటీలు) పడతాయి. బేస్ మార్పు లెటర్ వస్తుంది. ఒక్కోటి విడిగా చూస్తే మామూలు పరిపాలనే, కలిపి చూస్తే తప్ప అర్థం కాదు. కలిపి చూపించాలంటే రికార్డు ఉండాలి, ఆ రికార్డు గొడవ మొదలవ్వకముందు నుంచీ ఉండాలి.

అందుకు చేయాల్సింది ఎక్కువేం కాదు. ప్రతి నెలా పబ్లిష్ అయిన రోస్టర్‌నీ, నెల చివర నిజంగా ఎగిరిన రోస్టర్‌నీ రెండూ పీడీఎఫ్‌గా సొంత మెయిల్‌కి కాదు, సొంత డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి. కంపెనీ డేటాను బయటి మెయిల్‌కి పంపడమే కొన్ని చోట్ల క్రమశిక్షణ చర్యకు సాకు అవుతుంది. సీనియారిటీ లిస్ట్ విడుదలైన ప్రతిసారీ తేదీతో సహా ప్రింట్ తీయండి. ప్రతి సిమ్ చెక్, లైన్ చెక్ (మామూలు ఫ్లైట్‌లో జరిగే పరీక్ష) తర్వాత మీరు సంతకం పెట్టిన గ్రేడింగ్ షీట్ కాపీ అడగండి, ఇవ్వకపోతే అడిగినట్టు ఒక మెయిల్ పెట్టండి. అప్‌గ్రేడ్ వాయిదా పడితే కారణం అడుగుతూ మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ అదే వారంలో రాయండి. మీ తర్వాత నంబరు వాళ్లు మీకంటే ముందు సిమ్‌కి వెళితే తేదీలు రాసిపెట్టుకోండి. ఇరవై మంది గానీ అంతకుమించి గానీ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కోడ్ చెబుతోంది. పది మందికి మించకుండా, యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. సమస్య వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి, కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా అరవై రోజుల్లో యూనియన్ ద్వారా రాజీ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. చివరి మాట గమనించండి, యూనియన్ ద్వారా. సభ్యుడిగా ఉండటం వల్ల రోజువారీ ఉపయోగం ఇక్కడ కనిపిస్తుంది.

పదవి వద్దనడానికి కారణం కూడా ఈ రుజువు కష్టమే. కమాండ్ ట్రైనింగ్‌లో మీ భవిష్యత్తు కొద్దిమంది ఇన్‌స్ట్రక్టర్లు, ఎగ్జామినర్ల అభిప్రాయం మీద ఆధారపడుతుంది. ఆ అభిప్రాయం నిజాయితీగా ఇచ్చిందో కాదో ఏ ట్రిబ్యునలూ తేలిగ్గా తేల్చలేదు. ఆఫీస్ బేరర్లకు 'రక్షిత కార్మికుడు' హోదా ఉంది, కానీ అది అందరికీ రాదు. మొత్తం కార్మికుల్లో ఒక శాతం మందికే, కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వందమంది. పైగా అది వివాదం నడుస్తున్నప్పుడు ఉద్యోగంలోంచి తీసేయకుండా, శిక్షించకుండా కాపాడుతుంది తప్ప ట్రైనింగ్ గ్రేడింగ్‌ని కాపాడదు. కమాండ్ రిలీజ్ అయి ఏడాది ఎగిరిన కెప్టెన్లు ఆ బాధ్యత తీసుకోవడం అందరికీ మంచిది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను ఆగమనడం కూడా ఇందుకే. ప్రొబేషన్‌లో "సేవలు అవసరం లేదు" అన్న ఒక్క లైన్‌తో పంపేస్తే దాని వెనక యూనియన్ ఉందని నిరూపించడం మహా కష్టం.

మీ యూనియన్ మొదటి ఒప్పందంలో ఏం రాయించాలి? జీతం పెంపే మొదటి డిమాండ్‌గా పెడతారు, అది పొరపాటు. ఫస్ట్ ఆఫీసర్‌కి జీతం కంటే సీనియారిటీ క్లాజ్ విలువైనది. అందులో ఇవి విడివిడిగా తేలాలి: సీనియారిటీ ఏ తేదీ నుంచి లెక్క, చేరిన తేదీయా, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) పూర్తయిన తేదీయా, లైన్ రిలీజ్ (శిక్షణ ముగిసి మామూలు డ్యూటీకి ఎక్కిన) తేదీయా. ఒకే బ్యాచ్‌లో సిమ్ స్లాట్ ఆలస్యమైనవాడు కంపెనీ తప్పుకు కిందికి పడిపోకూడదు. అప్‌గ్రేడ్‌కి సీనియారిటీ ప్రకారం పిలవాలి, అర్హత గంటలు నోటీసుకు కనీసం కొన్ని నెలల ముందే ప్రకటించాలి. మధ్యలో గంటలు పెంచితే అప్పటికే వరసలో ఉన్నవాళ్లకు పాత లెక్కే వర్తించాలి. బయటినుంచి నేరుగా కెప్టెన్లను తీసుకుంటే, అర్హత ఉన్న సొంత ఫస్ట్ ఆఫీసర్లు ఎంతమంది మిగిలి ఉండగా తీసుకోవచ్చు అన్నది రాయాలి. అప్‌గ్రేడ్‌లో ఒకసారి ఫెయిలైతే రెండో అవకాశం ఎన్ని నెలల్లో, వేరే ఎగ్జామినర్‌తోనా, నంబరు నిలుస్తుందా అన్నది రాయాలి. మెటర్నిటీ సెలవులో, మెడికల్ కారణంగా గ్రౌండ్ అయినప్పుడు నంబరు కదలకూడదు. ఈ వివరాలు లేకుండా "సీనియారిటీని గౌరవిస్తారు" అని ఒక్క వాక్యం రాస్తే అది ఉన్నా లేనట్టే.

విలీనం జరిగితే ఏమవుతుందో కూడా అదే క్లాజ్‌లో ఉండాలి. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. పైలట్లకు మాత్రం రెండు వేర్వేరు సంఘాలు మిగిలాయి, ఎయిర్ ఇండియా వైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు ఐసీపీఏ. జీతాల తేడా మీద 2011లో ఐసీపీఏ సమ్మె చేసింది. 2012 మే నెలలో డ్రీమ్‌లైనర్ శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న గొడవతో గిల్డ్ పైలట్లు సమ్మెకు దిగారు. అది 58 రోజులు నడిచింది, 101 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, గిల్డ్ గుర్తింపు పోయింది, చివరికి ఢిల్లీ హైకోర్టు ముందు సమ్మె విరమించారు. ఆ గొడవ మూలం చూస్తే డబ్బు కంటే ఎక్కువగా ఎవరి నంబరు ముందు అన్నదే. అమెరికాలోనూ ఇదే జరిగింది. యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిశాక 2007లో వచ్చిన సీనియారిటీ తీర్పును సంఖ్యలో ఎక్కువున్న పైలట్లు ఒప్పుకోలేదు, ఏకంగా కొత్త యూనియన్‌నే పెట్టుకున్నారు, తగువు ఏళ్ల తరబడి సాగింది. యూనియన్ అంటే అందరి యూనియన్ అని అనుకుంటాం. సీనియారిటీ దగ్గర మెజారిటీ యూనియన్ అయిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే విలీన జాబితాను బయటి ఆర్బిట్రేటర్ తేల్చాలని ముందే రాయించుకోవడం తెలివైన పని.

డబ్బు విషయంలో మొదట చూడాల్సింది గ్యారంటీ గంటలు, అంటే తక్కువ ఎగిరినా నెలకు ఖాయంగా డబ్బిచ్చే గంటలు. రేటు ఎంతన్నది ఆ తర్వాత. 2023 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియాలో, 2024 ఏప్రిల్‌లో విస్తారాలో పైలట్ల అసంతృప్తికి కారణం ఇదే, గ్యారంటీ 70 గంటల నుంచి 40కి తగ్గింది. లెక్క వేయండి. మూడు నెలల్లో మీరు వరసగా 45, 52, 78 బ్లాక్ గంటలు (విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా లెక్క) ఎగిరారు. 70 గ్యారంటీ ఉంటే 70, 70, 78 కలిపి 218 గంటలకు డబ్బు వస్తుంది. 40 గ్యారంటీ అయితే 45, 52, 78 కలిపి 175కే. తేడా 43 గంటలు. గంట రేటు పది శాతం పెంచి 175కి ఇచ్చినా 192.5 గంటల డబ్బే. "రేటు పెంచాం" అన్న ప్రకటన వెనక గ్యారంటీ తగ్గిందేమో చూడకుండా చేతులు ఎత్తకండి. విమానాలు రిపేరుకు నిలిచిపోయినా, ఇంజిన్లు దొరక్కపోయినా, గంటలు తగ్గేది మీ తప్పు వల్ల కాదు. ఆ నష్టం ఎవరు మోయాలన్నదే గ్యారంటీ క్లాజ్ తేల్చేది. అలాగే డెడ్‌హెడ్‌కి (డ్యూటీ కోసం ప్రయాణికుడిగా వెళ్లడానికి), స్టాండ్‌బైకి, సిమ్ రోజుకి ఎంత లెక్కగడతారో కూడా అక్కడే రాయించాలి. జీతభత్యాలు, పని గంటలు, సెలవుల్లో మార్పు చేయాలంటే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని కోడ్‌లో ఉంది. ఆ నోటీసు లేకుండా కొత్త లెటర్ మీద సంతకం పెట్టమంటే, పెట్టేముందు యూనియన్ లాయర్‌కి చూపించండి.

విశ్రాంతి నిబంధనల విషయంలో ఒక తాజా పాఠం ఉంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో ఎఫ్‌డీటీఎల్ (పైలట్ల డ్యూటీ గంటలు, విశ్రాంతి నిబంధనలు) సవరించింది: వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి అంటే ఉదయం 5 దాకా కాకుండా 6 దాకా అయింది, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. 2024 జూన్ నుంచి అమలు కావాల్సింది వాయిదా పడింది. పైలట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, ఆ కేసు వల్లే 2025 జులై 1న ఒక విడత, నవంబరు 1న రెండో విడత అమలుకు వచ్చాయి. ఇది సంఘాల విజయమే, సందేహం లేదు. కానీ డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యేసరికి డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల్లో 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చింది, వారపు విశ్రాంతి బదులు సెలవును లెక్కించరాదన్న నిబంధననూ వెనక్కి తీసుకుంది. నియంత్రణ సంస్థ ఇచ్చిన రక్షణను నియంత్రణ సంస్థే ఒక్క రోజులో సడలించగలదు. అదే 48 గంటలు, అదే రెండు ల్యాండింగ్‌లు యాజమాన్యంతో ఒప్పందంలో కూడా రాసి ఉంటే, డీజీసీఏ సడలింపు "ఇలా చేయడానికి అనుమతి ఉంది" అని మాత్రమే చెబుతుంది, ఒప్పందాన్ని రద్దు చేయదు. కోర్టులో గెలిచినదాన్ని కాగితం మీదికి కూడా తెచ్చుకోవాలి.

సామూహిక సిక్ గురించి. జెట్ ఎయిర్‌వేస్‌లో 2009లో సంఘం పెట్టాక ఇద్దరు పైలట్లను తీసేస్తే, సెప్టెంబరులో వందలమంది సిక్ పెట్టారు. ఐదు రోజులకు రాజీ కుదిరి తీసేసినవాళ్లను వెనక్కి తీసుకున్నారు. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ అలాగే చేస్తే పాతిక మంది దాకా తొలగింపు లెటర్లు వెళ్లాయి. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో రాజీ జరిగి అవి రద్దయ్యాయి. ఈ రెండూ చూపించి "భయం లేదు, చివరికి తీసుకుంటారు" అంటారు. ఇప్పటి చట్టం అప్పటి చట్టం కాదు. 14 రోజుల నోటీసు లేని సమ్మె అక్రమం. రాజీ ప్రక్రియ నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజులు కూడా సమ్మె అక్రమమే. సగం మంది లేదా అంతకుమించి ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే దాన్నీ సమ్మెగానే కోడ్ లెక్కిస్తుంది. కూడబలుక్కుని సిక్ పెట్టినా అది కలిసి పని మానేయడమే అని వాదించడానికి దారి ఉంది. అక్రమ సమ్మెకు వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా చిన్నదే, కానీ క్రిమినల్ కేసు మీద మీ తర్వాతి ఎయిర్‌లైన్ అడిగే ప్రశ్న చిన్నది కాదు. పైగా "రేపు అందరం సిక్" అన్న వాట్సాప్ మెసేజ్ ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తారు, కూడబలుక్కున్నారనడానికి అదే సాక్ష్యం అవుతుంది. నిజంగా అలసిపోతే సిక్ కాదు, ఫెటీగ్ రిపోర్ట్ పెట్టండి. ఏ రోజు, ఏ డ్యూటీ, ఎన్ని గంటల నిద్ర, ఏ సెక్టార్ అని వివరంగా రాయండి. అలాంటి రిపోర్టులు నిజాయితీగా పోగైతే చర్చల బల్ల మీద అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

గల్ఫ్ సంగతికి వస్తే, మీ లైసెన్స్ మీద గానీ డీజీసీఏ ఇచ్చే వెరిఫికేషన్‌లో గానీ యూనియన్ సభ్యత్వం ఉండదు. వాళ్లు చూసేవి గంటలు, టైప్, మెడికల్, ఇన్సిడెంట్ చరిత్ర, క్రమశిక్షణ రికార్డు. యూఏఈలో యూనియన్లకు చోటు లేదు కాబట్టి అక్కడికి వెళ్లాక మీకు యూనియన్ ఉండదు, అంతే. నిజంగా అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి. డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కి నోటీసు ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది. అంటే కమాండ్ వచ్చిన రోజు నుంచి మీరు కదలడానికి పట్టే కాలం రెట్టింపు అవుతుంది. నోటీసు పూర్తిచేయకుండా వెళ్లినవాళ్ల మీద 2023లో అకాసా ఎయిర్ కోర్టుకెక్కింది. ఆపైన బాండ్. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్ మొత్తం సమంజసమైన నష్టపరిహారంగానే రాబట్టగలరు, కానీ అది కోర్టులో తేలేసరికి ఏళ్లు పడుతుంది. యూనియన్ చేయగలిగిన మేలు ఏమిటంటే, పనిచేసిన ప్రతి నెలకూ బాండ్ మొత్తం అంత మేరకు తగ్గేలా, ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర ఉంచకుండా, ఎన్ఓసీ ఇవ్వడానికి గడువు ఉండేలా రాయించడం.

కంపెనీ మునిగితే ఏమవుతుందన్నది ఎవరూ అడగరు, కానీ కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. దివాలా చట్టం ప్రకారం లిక్విడేషన్ వస్తే కార్మికుల చివరి 24 నెలల బకాయిలు సెక్యూర్డ్ రుణదాతలతో సమానంగా నిలుస్తాయి. కార్మికులు కాని ఉద్యోగులకు 12 నెలలవే, అవీ ఆ కింది వరసలో. పైన చెప్పిన 'కార్మికుడు' వాదన ఇక్కడ నేరుగా మీ చేతికొచ్చే డబ్బవుతుంది. జీతం ఒక నెల ఆలస్యమైనప్పుడే రాతపూర్వకంగా క్లెయిమ్ రికార్డు చేయించే యూనియన్ అప్పుడు ఉపయోగపడుతుంది. పీఎఫ్ నెలనెలా జమవుతోందో లేదో మాత్రం మీరే పాస్‌బుక్‌లో చూసుకోవాలి.

విశాఖవాళ్లకు ప్రత్యేకంగా ఒక క్లాజ్ ముఖ్యం, హోమ్ బేస్. మీ బేస్ హైదరాబాద్ అయితే గాజువాక నుంచి బేస్‌కి చేరడం డ్యూటీ కాదు. ఆ ప్రయాణం మీ విశ్రాంతిలోంచే పోతుంది. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి ఉదయం సైన్ ఆన్ చేసినా, కాగితం మీద మీరు పూర్తి విశ్రాంతి తీసుకున్నవాళ్లే. కంపెనీ పంపిన పొజిషనింగ్ అయితే డ్యూటీ లెక్కలోకి వస్తుంది. ఇప్పటి విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగ సమయాల పరిమితుల మధ్య పౌర విమానాలు నడుస్తాయి. భోగాపురంలో పెద్ద విమానాశ్రయం వస్తుండటంతో ఇక్కడే బేస్ పెడతారన్న ఆశ చాలామందికి ఉంది. పెడితే ఎవరిని పంపుతారు? సీనియారిటీ ప్రకారం బిడ్డింగ్ ద్వారా అని ముందే రాసుకోకపోతే అది బహుమతిగానో శిక్షగానో మారుతుంది. బేస్ మార్పుకు ఎన్ని రోజుల నోటీసు, ఇల్లు మారడానికి ఎంత ఖర్చు, ఒప్పుకోనివాళ్ల నంబరు నిలుస్తుందా, ఇవి విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు గట్టిగా అడగాల్సినవి.

మీటింగ్‌కి వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, నియమావళి కాపీ అడగండి. చందా ఎంత, ఖాతాను ఎవరు ఆడిట్ చేస్తారు, సభ్యుడి మీద డీజీసీఏ షోకాజ్ నోటీసు వస్తే లాయర్ ఫీజు నిధి నుంచి ఇస్తారా అడగండి. ప్రీఫ్లైట్ బ్రెత్ ఎనలైజర్‌లో మొదటిసారి పాజిటివ్ వస్తే మూడు నెలల సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి లైసెన్స్ రద్దు. అలాంటి రోజు గంటలోపు ఫోన్ ఎత్తే మనిషి ఎవరో పేరు, నంబరు చెప్పగలగాలి. కార్యవర్గంలో ఫస్ట్ ఆఫీసర్లకు ఎన్ని సీట్లు రిజర్వ్ చేశారో చూడండి, అంతా కెప్టెన్లే ఉంటే అప్‌గ్రేడ్ క్లాజ్ జాబితాలో చివరికి వెళుతుంది. ఈ ప్రశ్నలకు జవాబులొస్తే ఫారం నింపండి, సంతకం పెట్టిన ఫారం ఫోటో తేదీతో సహా దగ్గర ఉంచుకోండి. చందాను జీతంలోంచి మినహాయించమని కంపెనీకి అనుమతి లెటర్ ఇవ్వాలా, నేరుగా యూనియన్ ఖాతాకు కట్టాలా అని అడిగితే, గుర్తింపు వచ్చేదాకా నేరుగా కట్టి రసీదు తీసుకోండి.